డిజిటల్ బోర్డులు.. పుష్కరాల తర్వాతా వెలిగేనా?

రాజమహేంద్రవరం: గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26న మొదలై జూలై 7తో ముగియనున్నాయి. ఆ పన్నెండు రోజులూ గోదావరి తీరాల్లోని స్నానఘట్టాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు జనసంద్రాన్ని తలపిస్తాయి. ఏ ఘాట్‌లో రద్దీ తక్కువగా ఉంది, ఏ దారి మూసివేశారు, తిరుగు బస్సు ఎక్కడ ఎక్కాలి అన్న సంగతులను లక్షలాది మందికి ఒకేసారి తెలియజేయాలంటే మైకు ప్రకటనలతోనే సరిపెట్టడం కుదరదు. వెలుగు అక్షరాల బోర్డులు, డిజిటల్ తెరలు కొనక తప్పదు. కొనడం తేలికే. పుష్కరాలు ముగిసిన మరుసటి నెలలో కూడా అవి వెలుగుతూ ఉంటాయా అన్నదే ఇప్పుడు తేల్చుకోవలసిన విషయం.

ఇలాంటి బోర్డుల గతి డెల్టా వాసులకు తెలియనిది కాదు. సగం అక్షరాలు ఆరిపోయి, మిగిలిన సగం మినుకుమినుకుమంటూ ఏం చెబుతున్నాయో అర్థం కాని బోర్డు ఏదో ఒక కూడలిలో కనిపిస్తూనే ఉంటుంది. ప్రారంభోత్సవం నాడు ఉన్న ఆర్భాటం మొదటి మరమ్మతు నాటికి ఉండదు. తక్కువ ధర చెప్పినవారి వద్ద కొనడం, విడిభాగం దొరక్క వదిలేయడం, కొత్త పండగకు కొత్త బోర్డు తేవడం.. ఈ తంతు పుష్కరాలకూ పునరావృతమైతే నష్టం ప్రజాధనానికే పరిమితం కాదు.

2015 జూలై 14న, గత పుష్కరాల తొలిరోజు ఉదయం, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు కోల్పోయారు. దానిపై జస్టిస్ సోమయాజులు ఏకసభ్య కమిషన్ విచారణ జరిపింది. అదే ఘాట్‌లో, అదే ఘడియలో మునక వేయాలన్న ఆరాటంతో జనం ఒక్కచోటికే పోటెత్తడం ఆనాటి విషాదానికి నేపథ్యం. అంత పొడవైన కోటిలింగాల ఘాట్ అదే నగరంలో ఉంది. బోర్డు ఒకటి ఉండి ఉంటే ఆ దుర్ఘటన తప్పేదనడం అతిశయోక్తే అవుతుంది. గేట్లు, క్యూలైన్లు, పోలీసు బందోబస్తు చేయవలసిన పని తెరలు చేయలేవు. అయితే ముందు వరుసలో ఏం జరుగుతోందో వెనుక వరుసకు తెలియకపోవడం, తెలియక ఇంకా ముందుకు తోయడం ఇలాంటి ఘటనల్లో పదేపదే కనిపించే అంశం. కిలోమీటరు ముందే ‘ఈ ఘాట్ నిండింది, కుడివైపు వెళ్లండి’ అని చదవగలిగితే అక్కడే కొందరైనా మళ్లుతారు. ఆ ఒక్క వాక్యం అవసరమైన క్షణంలో వెలగాలి.

అద్దెకు తెచ్చేవి, కొనేవి

ముందుగా తేల్చుకోవలసింది ఏ తెర కొనాలన్నది కాదు, ఏ తెర కొనకూడదన్నది. హారతిని, ప్రముఖుల స్నానాలను, సాంస్కృతిక కార్యక్రమాలను చూపే భారీ వీడియో గోడలు పన్నెండు రోజుల తర్వాత ఎవరికీ అక్కరలేదు. పెళ్లిళ్లకు, బహిరంగ సభలకు వీటిని అద్దెకిచ్చేవారు ఉన్నారు. బిగించడం, విప్పడం, చెడితే మార్చడం వారి బాధ్యతే. ఇటువంటివి కొని గోదాములో పడేయడం కన్నా అద్దెకు తీసుకోవడమే చవక.

కొనవలసినవి సందేశ బోర్డులు. వీటికి పుష్కరాల తర్వాతా పని ఉంది. జూలై 7న పుష్కరాలు ముగిస్తే, ఆ వెంటనే గోదావరికి వరదల కాలం. 2022లో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. అది జూలై మధ్యలోనే జరిగింది. అంటే ఘాట్ దారి చూపిన బోర్డే వారం తిరగకుండా లంక గ్రామాల వారికి వరద హెచ్చరిక చూపవలసి రావచ్చు. బ్యారేజీ వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేయడం ఏటా చూస్తున్నదే. కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల్లో పంటు నడుస్తుందో లేదో తెలియక ప్రయాణికులు గట్టు దాకా వచ్చి వెనుదిరగడం మామూలే. శాశ్వత బోర్డుల స్థలాలను ఎంపిక చేసేటప్పుడే ఈ రెండో పనిని కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

16 చుక్కల్లో తెలుగు ఇమడదు

దుకాణాల ముందు ఎర్రటి అక్షరాలు పరుగెత్తే బోర్డులన్నీ సాధారణంగా ‘పీ10’ రకం పలకలతో చేసినవి. చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది కనుక ఆ పేరు. ఒక్కో పలక 32 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు. అడ్డంగా 32 చుక్కలు, నిలువుగా 16. ఒంటి రంగు పలక కొన్ని వందల రూపాయలకే వస్తుంది, ఎండలో బాగా కనిపిస్తుంది, పట్టణంలోని ఎలక్ట్రానిక్స్ పనివారు చాలామందికి దాని మరమ్మతు తెలుసు. ఈ మూడు గుణాలూ ఉన్న మరో తెర ఈ ధరలో దొరకదు. ఆర్భాటపు రంగుల తెరలకన్నా ఇదే డెల్టాకు తగినదని చెప్పవచ్చు.

చిక్కల్లా లిపితోనే. 16 చుక్కల ఎత్తులో ఇంగ్లిషు పెద్దక్షరాలు హాయిగా ఇముడుతాయి. తెలుగు అలా కాదు. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు. ‘ధవళేశ్వరం’, ‘హెచ్చరిక’, ‘లక్షల క్యూసెక్కులు’.. వరద వార్తలో ఒత్తు లేని మాటే అరుదు. పైన మూడు నాలుగు చుక్కలు, కింద నాలుగైదు చుక్కలు వీటికే పోతే అసలు అక్షరానికి ఏడెనిమిది మిగులుతాయి. ఆ కాస్త చోటులో ‘వ’కు ‘న’కు, ‘ప’కు ‘ష’కు తేడా చెరిగిపోతుంది. అందుకే ఒంటి వరుస బోర్డుల మీద తెలుగు చదవడం కష్టమై, దుకాణదారులు ఇంగ్లిషులోకి మారిపోతుంటారు. కనీసం రెండు పలకల ఎత్తు, అంటే 32 చుక్కలు ఉంటేనే తెలుగు తెలుగులా కనిపిస్తుంది.

దూరం లెక్క కూడా ఉంది. అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరం వరకు తేలిగ్గా చదవవచ్చన్నది బోర్డుల తయారీలో వాడే మోటు లెక్క. 200 అడుగుల నుంచి కనిపించాలంటే 20 అంగుళాలు, అంటే అర మీటరు. ఇది అసలు అక్షరానికే. గుళ్లు, ఒత్తులు కలిపితే వరుస ఎత్తు దాదాపు 80 సెంటీమీటర్లు అవుతుంది, అంటే ఐదు పలకలు. సుమారు మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గల బోర్డు మీద అలాంటి వరుసలు రెండే పడతాయి. రెండు వరుసల్లో చెప్పలేని సంగతిని ఘాట్ దారిలో చెప్పకపోవడమే మేలు.

పరుగెత్తే అక్షరాల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాక్యం పూర్తయ్యే వరకు చదివేవాడు నిలబడిపోతాడు. దుకాణం ముందు నిలబడితే వ్యాపారికి లాభం. రద్దీ దారిలో నిలబడితే వెనుకవారికి ప్రమాదం. జనం నడిచే మార్గాల్లో కదలని అక్షరాలు, ఒక బాణం గుర్తు, ఘాట్ సంఖ్య మాత్రమే ఉండాలి.

కొనే ముందు పరీక్ష ఒక్కటే. అమ్మకందారు తెచ్చిన నమూనా బోర్డు మీద ‘సఖినేటిపల్లి రేవులో పంటు నిలిపివేత, రెండో ప్రమాద హెచ్చరిక’ అని రాయించి, వంద అడుగుల దూరం నుంచి కళ్లజోడు వాడే పెద్దాయన ఎవరినైనా చదవమనాలి. చవక కంట్రోలర్లు కొన్ని యూనికోడ్ తెలుగును సరిగా కూర్చలేవు. ఒత్తు పక్కకు జారుతుంది, లేదా అక్షరం బదులు డబ్బా గుర్తు వస్తుంది. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లలో కొట్టిన పాఠం నేరుగా పనికిరాదు, మార్పిడి చేయాలి. వాక్యాన్ని బొమ్మగా మార్చి పంపడం చాలామంది అనుసరిస్తున్న ఉపాయం. ముందే సిద్ధం చేసుకున్న సందేశాలకు ఆ ఉపాయం చాలు. అర్ధరాత్రి వరద అంకె మార్చవలసిన రెవెన్యూ ఉద్యోగికి మాత్రం సెల్‌ఫోన్‌లో టైపు చేస్తే తెరపై పడే ఏర్పాటు కావాలి.

ఇంటి టీవీని బజారులో పెడితే..

ఆసుపత్రులు, హోటళ్లు, బస్టాండ్లలో నీడపట్టున పెట్టే తెరల సంగతి వేరు. 43 అంగుళాల ఇంటి టీవీ సుమారు 20 వేల నుంచి 30 వేల రూపాయలకు దొరుకుతుంటే, అదే కొలతలో వాణిజ్య అవసరాలకు చేసిన తెర దాదాపు రెట్టింపు పలుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు మించిన టీవీలు, మానిటర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినా ఈ అంతరం పోలేదు. రెట్టింపు ఎందుకు పెట్టాలన్న ప్రశ్న సహజమే. చల్లని గదిలో, రోజుకు ఎనిమిది పది గంటలు, అడ్డంగా బిగించి వాడుకునే వస్త్ర దుకాణానికో మిఠాయి దుకాణానికో ఇంటి టీవీ చాలు. అందులో దాపరికం అక్కరలేదు.

దాన్ని నిలువుగా బిగిస్తే కథ మారుతుంది. వేడిగాలి పోయే దారులు అడ్డంగా ఉంచినప్పటికి తగినట్లు పెట్టినవి. రోజంతా వాడితే గ్యారంటీ పత్రంలోని వాణిజ్య వినియోగ నిబంధన అడ్డొస్తుంది. అన్నిటికన్నా చిరాకు కరెంటు పోయి వచ్చినప్పుడు. ఇంటి టీవీలు చాలావరకు రిమోట్ నొక్కేదాకా నిద్రలోనే ఉంటాయి, లేదా సినిమాల పట్టిక చూపిస్తూ కూర్చుంటాయి. వాణిజ్య తెరలో కరెంటు రాగానే దానంతట అదే మొదలై, ఆగినచోటి నుంచి సమాచారం చూపే వీలుంటుంది. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్లో ఈ ఒక్క గుణానికే రెట్టింపు ధర పెట్టవచ్చు.

వెలుతురును నిట్లలో కొలుస్తారు. ఇంటి టీవీది 250 నుంచి 400 నిట్లు. నేరుగా ఎండ పడేచోట 5,000 నిట్ల దరిదాపుల్లో ఉండే ఎల్‌ఈడీ బోర్డు తప్ప మరేదీ కనిపించదు. అద్దాల పెట్టెలో టీవీ పెట్టి ఘాట్ మెట్ల మీద నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే విరమించుకోవడం మంచిది. సాధారణ తెరల పత్రాల్లో 40 డిగ్రీల వేడి, 80 శాతం తేమ వరకే పనిచేస్తాయని రాసి ఉంటుంది. వేసవిలో 45 డిగ్రీలు రాజమహేంద్రవరానికి కొత్త కాదు. మూసిన పెట్టెలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. వానాకాలపు తెల్లవారుజామున కోనసీమలో తేమ 80 శాతం దాటని రోజు అరుదు.

కరెంటు, చెమ్మ, బల్లి

బోర్డు ఆరిపోయిందంటే చాలాసార్లు ఆరిపోయింది పలక కాదు. పలకలకు 5 వోల్టుల విద్యుత్తునిచ్చే చిన్న పెట్టె, మెకానిక్కుల భాషలో ఎస్‌ఎంపీఎస్, చెడిపోయి ఉంటుంది. చవక బోర్డులో పొదుపు జరిగేదీ అక్కడే. లెక్క చూడండి. మూడు మీటర్ల బోర్డుకు అడ్డంగా 10, నిలువుగా 12, మొత్తం 120 పలకలు. ఒంటి రంగు పలక పూర్తిగా వెలిగితే సుమారు 20 వాట్లు, అంటే 4 ఆంపియర్లు తీసుకుంటుంది. 40 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌కు 8 పలకలు తగిలిస్తే దాని శక్తిలో 80 శాతమే వాడినట్లు. 120 పలకలకు 15 కావాలి. ఐదు మిగిల్చుకుందామని 10తో సరిపెడితే ఒక్కోదాని మీద 48 ఆంపియర్ల భారం పడుతుంది. అక్షరాలు పలచగా ఉన్నంతకాలం ఎలాగో నడుస్తుంది. తెర నిండుగా వెలిగిన రోజున, అదీ మే నెల ఎండలో, ఒకటొకటిగా కాలిపోతాయి. టెండరు పత్రంలో ఎస్‌ఎంపీఎస్‌ల సంఖ్య, తయారీ సంస్థ పేరు, బీఐఎస్ నమోదు సంఖ్య ఉండాలని రాస్తే ఈ మోసానికి అవకాశం తగ్గుతుంది. నమోదు సంఖ్య నిజమైనదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఎర్తింగ్, పిడుగుల నుంచి రక్షించే సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా నది ఒడ్డున ఇనుప స్తంభం మీద బోర్డు నిలబెట్టడం తెలిసి తెలిసి చేసే తప్పు. అంతర్వేది, ఉప్పాడ వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి తోడవుతుంది. పలకల వెనుక పిన్నులు తుప్పు పట్టి వరుసలు వరుసలుగా అక్షరాలు మాయమవుతాయి. ముందువైపు ఐపీ65 రక్షణ ఉందని అమ్మకందారు చెబుతాడు. వెనుకవైపు ఎంత అని అడగాలి. వెలుగుకు పురుగులు, పురుగులకు బల్లులు రావడం ప్రకృతి. బల్లి ఎస్‌ఎంపీఎస్‌లో దూరితే బోర్డూ బల్లీ రెండూ పోతాయి. గాలి రంధ్రాలకు సన్నని జాలీ బిగించడానికి అయ్యే ఖర్చు నామమాత్రం.

తెర వెనుక పెట్టె

తెరకు ఏం చూపాలో చెప్పే చిన్న కంప్యూటర్ విషయంలో మాత్రం నిజంగానే చవకకు చోటుంది. 2012లో 35 డాలర్ల ధరతో బయటికి వచ్చిన రాస్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటర్లు ఈ పనికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. జిబో, యాంథియాస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు తోడున్నాయి. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు పెరగడంతో వీటి ధర కూడా పెరిగింది. అయితే బస్సుల వేళలు, నీటిమట్టం చూపడానికి తక్కువ మెమరీ రకమే సరిపోతుంది. కార్యాలయాల్లో మూలపడ్డ పాత కంప్యూటర్లకు లైనక్స్ ఎక్కించి వాడుకున్నా తప్పులేదు. హఠాత్తుగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడవడం వీటి బలహీనత. కార్డు మీద రాత జరగకుండా తాళం వేసే అమరిక ఉంది, దాన్ని వాడాలి. పెట్టెకు మాత్రమే చిన్న యూపీఎస్ పెడితే ఇంకా నిశ్చింత.

పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ పెట్టెలు ఇంకా తక్కువకు దొరుకుతాయి. వాటిలో కొన్ని తయారీ దశలోనే హానికర ప్రోగ్రాములతో వస్తున్నాయని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. జనం గుమిగూడిన చోట ఎవడో ఆకతాయి బోర్డు మీద తప్పుడు వార్త రాస్తే ఏమవుతుందో ఊహించనవసరం లేదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలన్న నిబంధన కాంట్రాక్టులోనే ఉండాలి. మరో మాట. రద్దీ పెరిగితే సెల్ నెట్‌వర్క్ స్తంభిస్తుంది. కేవలం సిమ్ కార్డు మీద ఆధారపడిన బోర్డు అవసరమైన గంటలోనే పాత సందేశం చూపిస్తూ ఉంటుంది. ఘాట్ల బోర్డులకు కంట్రోల్ రూము నుంచి తీగ వేయాలి. రేవుల వద్ద బోర్డులకు, సంబంధం తెగిపోతే పాత అంకెలను చెరిపివేసి ‘తాజా సమాచారం కోసం వేచి ఉండండి’ అని చూపే అమరిక కావాలి. పాత నీటిమట్టాన్ని కొత్తదిగా చూపించే బోర్డు కన్నా ఖాళీ బోర్డు నయం.

గాలికి నిలిచేనా

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. బోర్డు కొనేవారు పలక బరువు చూస్తారు గాని గాలి బరువు చూడరు. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఈ తీరప్రాంతానికి తీసుకునే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు స్థూలంగా 150 కిలోల తోపు పడుతుంది. ఆరు చదరపు మీటర్ల బోర్డుకు 900 కిలోలు. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో హోర్డింగ్ కూలి 17 మంది మరణించిన సంగతి మరువరానిది. స్తంభం, పునాది డిజైన్‌ను స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువీకరించనిదే బిల్లు చెల్లించరాదు. ఈ ఖర్చును బోర్డు ధర నుంచి విడదీసి చూపడం వల్లే చవక బోర్డు చవకగా కనిపిస్తోంది.

ఐదేళ్ల ధర అడగాలి

ప్రభుత్వ శాఖలు 2016లో మొదలైన జెమ్ పోర్టల్ ద్వారా కొన్నా, విడిగా టెండరు పిలిచినా, తక్కువ కోట్ చేసినవారికే పని దక్కడం ఆనవాయితీ. దాన్ని తప్పుపట్టనక్కరలేదు. దేని తక్కువ ధర అన్నదే మార్చాలి. బోర్డు ధర, బిగింపు, మూడేళ్ల పూర్తి గ్యారంటీ, ఆ తర్వాత రెండేళ్ల నిర్వహణ, విడిభాగాలు అన్నీ కలిపి ఐదేళ్ల మొత్తాన్ని ఒకే అంకెగా అడిగితే లెక్క తారుమారవుతుంది. విడి పలకలు అప్పుడే, అదే తయారీ విడత నుంచి తీసుకోవాలి. నూటికి మూడు నుంచి ఐదు అన్నది వ్యాపారంలో ఉన్న వాడుక. ఏడాది తర్వాత కొంటే రంగు, వెలుగు కలవక బోర్డు మాసికల బొంతలా తయారవుతుంది. రైల్వే స్టేషన్లలో రైళ్ల సమాచార బోర్డులకు పరిశోధన విభాగం ఆర్‌డీఎస్‌ఓ ప్రత్యేక ప్రమాణాలు నిర్దేశించింది. వేర్వేరు సంస్థలు చేసినా ఆ ప్రమాణాలు అందుకోవలసిందే. కొత్తగా విడివడిన గోదావరి జిల్లాలన్నీ ఒకే రకం పలక, ఒకే ఎస్‌ఎంపీఎస్, ఒకే కంట్రోలర్ ఎంచుకుంటే రాజమహేంద్రవరంలో నిల్వ ఉంచిన విడిభాగం అమలాపురానికీ భీమవరానికీ పనికొస్తుంది. జిల్లాకో రకం కొంటే ఎవరి బోర్డు వారిదే, ఎవరి చీకటి వారిదే.

చెడిన పలకను 24 గంటల్లో మార్చకపోతే రోజుకు ఇంత అని జరిమానా, మార్చగల మనిషి జిల్లాలోనే ఉండాలన్న షరతు చేర్చడం కూడా అవసరమే. హైదరాబాద్ నుంచి మెకానిక్ బయలుదేరేసరికి వరద తీసేస్తుంది. స్థానిక ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు పలక మార్చడం, ఎస్‌ఎంపీఎస్ పరీక్షించడం నేర్పడానికి ఒకటి రెండు రోజులు చాలు.

బోర్డులను పుష్కరాల ముందు రోజు బిగించి రిబ్బను కత్తిరించే పద్ధతి ఈసారి పనికిరాదు. 2027 ఏప్రిల్ నాటికే నిలబెట్టి, ఏప్రిల్, మే ఎండల్లో పూర్తి వెలుగుతో నడిపి, కావాలని కరెంటు తీసి మళ్లీ ఇచ్చి, నెట్‌వర్క్ తెంచి చూడాలి. ఆత్రేయపురం మండలం వాడపల్లి వెంకటేశ్వరస్వామి ఆలయానికి శనివారాల్లో వచ్చే రద్దీ అందుకు సరైన పరీక్ష. అక్కడ ఒక బోర్డు పెట్టి, నాలుగు శనివారాలు భక్తులు దాన్ని చదివి దారి మార్చుకుంటున్నారా, ఆగిపోతున్నారా అన్నది గమనించవచ్చు. ఆ నివేదిక చేతికందాకే కాంట్రాక్టరుకు చివరి విడత సొమ్ము విడుదల చేస్తామని టెండరులోనే రాసుకోవచ్చు.